గాలం పెద్దాయన

ఇంటిల్లిపాదినీ చేపల వేటకని బయల్దేరదీసి, సాయంత్రానికి అందరినీ ఒంటిమీద గీత పడకుండా తిరిగి ఇంటికి చేర్చే మనిషిని గాలం పెద్దాయన అంటారు. మైలవరంలో వీధికి ఒకరైనా ఉంటారు. వయసు యాభై అయిదు దాటి ఉంటుంది. బ్యాంకులోనో, కరెంటాఫీసులోనో, బళ్ళోనో చేసి రిటైరై ఉంటాడు, లేదా రిటైర్మెంటుకి రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, వాటి పక్కన రబ్బరుబ్యాండు వేసిన చిన్న చిట్టా పుస్తకం ఉంటాయి. అసలు గాలం వేసేవాడు వేరు. అతను తెల్లారకముందే వెదురు కర్ర ఒకటి పట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా పోతాడు, గట్టున కూర్చుంటే మధ్యాహ్నం దాకా నోరు విప్పడు. చేపలు అతనికే పడతాయి. పెద్దాయనకు మాత్రం వెంట కనీసం పదిమంది ఉండాలి. అంతకంటే తక్కువైతే ఆయన చేసిన ఏర్పాట్లకు గిట్టుబాటు కాదు.

ఈ జాతికి పాత వంశమే ఉంది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం అని ఏకంగా ఒక ప్రకరణమే ఉంది. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ ఇదే విషయం మీద 1653లో 'ద కంప్లీట్ యాంగ్లర్' వేశాడు. రాజుగారు ఎర గురించి, దారం గురించి శ్రద్ధగానే చెప్పారు గానీ, కారు ఎక్కితే వాంతులయ్యే మరదల్ని ముందు సీట్లో కూర్చోబెట్టాలా, కిటికీ పక్కన కూర్చోబెట్టాలా అన్నది చెప్పలేదు. ఆ లోటు మైలవరంలో తీరుతోంది.

మొదటి పని తేదీ కుదర్చడం. బయటివాళ్ళకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. పెద్దాయన కొత్త పంచాంగం చేతికి రాగానే ఎర్ర పెన్నుతో కొట్టేయడం మొదలుపెడతాడు. మే నెల కుదరదు, బెజవాడ ఎండకి చేప కంటే ముందు మనిషి ఉడుకుతాడు. జూన్‌లో మృగశిర కార్తె రోజున ఊరంతా చేప తినాల్సిందే కాబట్టి గట్టున చోటూ దొరకదు, బజార్లో ధరా దిగదు. ఆ తర్వాత వానలు. బొచ్చె, శీలావతి గుడ్లు పెట్టే కాలం, కొరమేను తన పిల్లల గుంపుకి కాపలా కాసే కాలం. అప్పుడు తల్లిని పడితే గుంపంతా పోయినట్టే. పైగా వరదలు. శ్రావణంలో ఇంట్లో ఆడవాళ్ళకు నోములు, నీసు గడప తొక్కదు. భాద్రపదంలో వినాయకుడు, ఆశ్వయుజంలో దసరా. కార్తీకంలో చేప మాటెత్తితే పెద్దావిడ రెండు చెవులూ మూసుకుంటుంది. ఈలోగా బావమరిది అయ్యప్ప మాల వేసుకుంటాడు. అది సంక్రాంతికి గానీ దిగదు. మాఘంలో పెళ్ళి ముహూర్తాలు, ఫాల్గుణంలో ఇంటరు, పదో తరగతి పరీక్షలు. పోనీ మిగిలిన రోజుల్లో అంటే సోమవారం శివుడు, గురువారం బాబా, శనివారం వెంకన్న, మిగతా వారాల్లో ఆఫీసు. అన్నీ కొట్టేయగా సంక్రాంతి వెళ్ళాక పుష్యమాసం చివర్లో రెండో మూడో ఆదివారాలు మిగులుతాయి. "ఏమండీ, ఆ ఆదివారం గ్యాసు బుక్ చేశాను, వాడు వస్తాడేమో," అంటుంది భార్య. అయినా తేదీ ఖాయమవుతుంది. ఏడాదిలో పెద్దాయన సాధించే అసలు విజయం ఇదే. చేప సంగతి తర్వాత.

తేదీ కుదిరాక చోటు. హైదరాబాదులో ఉండే అల్లుడు ఫోన్లో "మైలవరం రిజర్వాయర్" అని కొట్టి, బోటింగ్ కూడా ఉంటుందా మామయ్యా అని అడుగుతాడు. అది కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గర పెన్న మీద కట్టిన మైలవరం. మామయ్యది ఎన్టీఆర్ జిల్లా మైలవరం. ఇక్కడ ఉన్నవి కొండలు, చెరువులు, మామిడితోటలు, బుడమేరు. చుట్టుపక్కల కొండల నుంచి దిగే బుడమేరు సంక్రాంతి నాటికి సన్నగిలుతుంది. వానాకాలంలో కొండమీద వాన పడితే గంటల్లో ఒళ్ళు విరుచుకుంటుంది. 2024 సెప్టెంబరులో దాని గట్లు తెగి బెజవాడలో సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూసినవాడు గనక, ఆ ఏరు గట్టున దుప్పటి పరిచేది లేదని పెద్దాయన నిక్కచ్చిగా చెప్పేస్తాడు. సాగర్ ఎడమ కాలువ దగ్గరే, కానీ సిమెంటు లైనింగు ఉన్న చోట పాచి పట్టి ఉంటుంది. జారినవాడికి పట్టుకోవడానికి గడ్డిపరక కూడా దొరకదు. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం అందంగానే ఉంటుంది. అక్కడే 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం పెద్దాయన గొంతులో హాస్యం ఉండదు. పడవ ఎక్కడం అంటూ ఉంటే ప్రతి మనిషికీ జాకెట్టు ఉండాలి, అది చంకలో కాదు, ఒంటిమీద బిగించి ఉండాలి. లేకపోతే పడవే వద్దు. కొల్లేరు అయితే దూరం, పైగా అది పక్షుల అభయారణ్యం.

చివరికి ఏదో ఒక ఊరి చెరువు తేలుతుంది. చెరువులో నీళ్ళు ఊరందరివీ, చేపలు మాత్రం పాట పాడుకున్నవాళ్ళవి. వాళ్ళు డబ్బు పోసి పిల్లచేపను వదిలి పెంచుకుంటారు. తెలియక గాలం వేసిన పట్నవాసులకు గట్టు మీద జరిగే సన్మానం గురించి ఇక్కడ రాయడం బాగుండదు. పెద్దాయన రెండు వారాల ముందే వెళ్ళి, చెరువు పాడుకున్న మత్స్యకారుల సంఘం వాళ్ళను కలిసి, టీ తాగించి, ఎన్ని గాలాలు, ఎన్ని గంటలు, పట్టిన చేపకు ఎంత ఇవ్వాలి అన్నీ మాట్లాడుకుని వస్తాడు. చెరువులో ఎక్కడ లోతుందో, ఎక్కడ మట్టి కోసం జేసీబీతో తవ్విన గుంట ఉందో అడుగుతాడు. ఎండాకాలంలో తవ్విన గుంట వానలు పడ్డాక పైకి కనిపించదు. మోకాలి లోతు అనుకున్న చోట పక్క అడుగే నిలువులోతు. ఈ ఒక్క ప్రశ్న అడగడం కోసమైనా ఇంటికో పెద్దాయన ఉండటం మంచిది.

తర్వాత చిట్టా. వాట్సాప్ గ్రూపుకి "చేపల యాత్ర, తప్పక చదవండి" అని పేరు పెట్టి అందులో నలభై మూడు అంశాల జాబితా పెడతాడు. ఎవరూ చదవరు. బొటనవేలు గుర్తులు మాత్రం పదకొండూ వస్తాయి. మంచినీళ్ళు, మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు, తువ్వాళ్ళు, టోపీలు, దోమల క్రీము, బ్యాండేజీ, డెటాల్, పిల్లలకు మార్చుబట్టలు. ఇరవై లీటర్ల ఖాళీ వాటర్ క్యాను ఒకటి, మూత బిగించి, మెడకు పొడుగాటి కొబ్బరితాడు కట్టినది. ఇది ఎందుకని అడిగినవాడి గతి అంతే. నీళ్ళలో ఎవరైనా పడితే ఈత రాకుండా వెంట దూకేవాడు రెండో శవమవుతాడని, గట్టు మీద నిలబడి ఈ క్యాను విసిరితే పడ్డవాడు దాన్ని పట్టుకుని తేలుతాడని, అప్పుడు తాడు లాగాలని పావుగంట చెబుతాడు. ఇంటి ముందు వీధిలో విసిరి చూపిస్తాడు కూడా. మైలవరం ఒకప్పుడు నాటక సమాజం నడిచిన ఊరు కావడం వల్ల కాబోలు, ఆ విసురులో కాస్త అభినయం పాలు ఎక్కువ. క్యాను వెళ్ళి ఎదురింటివాళ్ళ నందివర్ధనం మొక్క మీద పడుతుంది. తాడు పొడవు సరిపోయిందని చిట్టాలో రాసుకుంటాడు.

ఈ జాబితాతో సంబంధం లేకుండా వంటింట్లో ఇంకో ఏర్పాటు సాగుతుంది. అందులో కాగితం ఉండదు. శనివారం రాత్రే చింతపండు నానేస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి పులిహోర కలిపేసి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి, గోంగూర పచ్చడి సీసాలో పెట్టేస్తారు. చేపలు పడితే కూర వండటానికి ఉప్పు, కారం, మసాలా కూడా తీసుకుంటారు, అవి చిన్న పొట్లాల్లో. పులిహోర గిన్నె పరిమాణాన్నీ మసాలా పొట్లం పరిమాణాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్దాయన వేట మీద ఇంటి ఆడవాళ్ళకున్న నమ్మకం ఎంతో కొలవవచ్చు.

గాలాలు రెండు రకాలు. పిల్లలకు వెదురు బద్ద, నైలాను దారం, జీలుగు బెండు, కొక్కెం. మొత్తం కలిపి టిఫిను ఖర్చు కూడా కాదు. పెద్దాయనకు అల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించిన కార్బన్ ఫైబర్ రాడ్డు. దానికి రీలు తిరుగుతుంటే కిరకిరమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినడం కోసం ఇంట్లో సోఫా మీద కూర్చుని చాలాసార్లు తిప్పి ఉంటాడు. ఎర విషయంలో మాత్రం పాతకాలమే నయం అంటాడు. జెల్లకు ఎర్రలు, బొచ్చెకీ శీలావతికీ గోధుమపిండి, తవుడు కలిపిన ముద్ద. చెరువు కూడా మూడంతస్తుల అపార్టుమెంటేనని పిల్లలకు చెబుతాడు. బొచ్చె పై అంతస్తులో తింటుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. బెండు ఎంత ఎత్తున కడితే ఆ అంతస్తు తలుపు తట్టినట్టు. కొరమేనుది వేరే కాపురం, గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి, గుర్రపుడెక్క చాటున ఉంటుంది. చెప్పింది చెప్పినట్టు నిజమే. వినాల్సింది చేపలు గానీ.

గట్టు చేరగానే మొదట జరిగేది తలలెక్క. వేలు ఊపుతూ ఒకటి, రెండు అనుకుంటూ పదకొండు దాకా వెళ్ళి, తనను లెక్కపెట్టుకున్నాడో లేదో అనుమానం వచ్చి మళ్ళీ మొదలుపెడతాడు. తర్వాత పండగకి మిగిలిన ముగ్గుపిండి తీసి, నీటి అంచుకు నాలుగడుగుల ఇవతల పొడుగునా గీత గీస్తాడు. పన్నెండేళ్ళలోపు వాళ్ళు గీత దాటకూడదు. పెద్దవాళ్ళు దాటితే చెప్పి దాటాలి. కొక్కేలన్నీ థర్మాకోల్ ముక్కకి గుచ్చి ఉంచాలి, గాలం విసిరే ముందు వెనక ఎవరున్నారో చూడాలి. వేలికి గుచ్చుకుంటే లాగకూడదు, కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది, అది కండను చించుకుని వస్తుంది. దారం కత్తిరించి అలాగే ఆసుపత్రికి పోవాలి. టీటీ సూది ఎలాగూ తప్పదు. మబ్బు పట్టి ఉరిమితే రాడ్డు కింద పడేసి కార్లోకి రావాలి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. తాడిచెట్టు కింద నిలబడటం అంతకంటే తెలివితక్కువ. పుష్యమాసంలో పిడుగేమిటి బావగారూ అని బావమరిది అంటాడు. చిట్టాలో ఉంది కాబట్టి చెప్పాలి. ఈలోగా పెద్దావిడ కుర్చీలోంచి లేచి ఆ గీతకు రెండు వైపులా లతలు కలిపేస్తుంది. గంట గడిచేసరికి గట్టు మీద చూడచక్కని ముగ్గు ఒకటి తయారవుతుంది. పిల్లలు నిజంగానే దాన్ని తొక్కరు.

వేట గురించి చెప్పుకోవలసింది తక్కువ. మొదటి గంటలో అందరూ నిశ్శబ్దంగా ఉంటారు, రెండో గంటలో అల్లుడు ఫోను తీస్తాడు, మూడో గంటకి పులిహోర మూత తెరుచుకుంటుంది. కార్బన్ రాడ్డుకు గుర్రపుడెక్క రెండుసార్లు, అల్లుడి చొక్కా ఒకసారి తగులుతుంది. వెదురు బద్దలకు అరచేతిలో పట్టే పరిగెలు మూడు పడతాయి. పదేళ్ళ మనవరాలి బెండు గభాలున మునుగుతుంది. "తాతయ్యా, లాగుతోంది!" అని అరుస్తుంది. తాతయ్య అద్దాలు సవరించుకుని వచ్చేలోపు అమ్మాయే బద్ద ఎత్తేస్తుంది. చివర జెల్ల కొట్టుకుంటూ ఉంటుంది. మీసాలు, నున్నటి నల్లటి ఒళ్ళు, మూడు వైపులా నిక్కిన ముళ్ళు. ముట్టుకోకండి అంటూనే పెద్దాయన దాన్ని పట్టుకుంటాడు. ముల్లు బొటనవేలి కండలో దిగుతుంది. ఆ నొప్పి ఎలాంటిదో ఉమ్మడి కృష్ణా జిల్లాలో చెరువులో దిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇలాంటప్పుడు గాయం కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో వేలు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చింది ఆయనే, చిట్టాలో పంతొమ్మిదో అంశం. టీకి అనుకుని అందరూ అప్పటికే తాగేసి ఉంటారు. అడుగున మిగిలిన టీ గ్లాసులో వేలు ముంచుకుని పెద్దాయన పెళ్ళికొడుకులా కదలకుండా కూర్చుంటాడు.

నాలుగింటికి సంఘం వాళ్ళు వల లాగుతారు. రెండు కిలోల బొచ్చె అక్కడే కొని, శుభ్రం చేయించి, థర్మాకోల్ డబ్బాలో ఐసు మధ్య పెట్టిస్తారు. పిల్లలు జెల్లనూ పరిగెలనూ తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. ఎర పొట్లాలు, పేపరు పళ్ళేలు, తెగిన నైలాను దారం ఒక్క ముక్క మిగలకుండా పెద్దాయన గోనెసంచిలోకి ఏరిస్తాడు. ఆ దారం కొంగ కాలికి చుట్టుకుంటే కొంగ పని అయినట్టే. కారు ఎక్కే ముందు మళ్ళీ తలలెక్క. దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు ఇంకోసారి. ఇంటి ముందు దిగాక ఆఖరిసారి.

రాత్రి అందరూ బొచ్చె పులుసు తిని పడుకున్నాక పెద్దాయన వాచిన బొటనవేలు మడవకుండా పెన్ను పట్టుకుని చిట్టాలో ఆ రోజు లెక్క రాస్తాడు. పెట్రోలు, ఐసు, బొచ్చె ధర, సంఘానికి ఇచ్చింది. చేపలు: జెల్ల ఒకటి, పరిగెలు మూడు, వదిలేశాం. వెళ్ళిన మనుషులు పదకొండు. వచ్చిన మనుషులు పదకొండు.