దీపసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: అలెక్సా, డిమ్ ద హాల్ లైట్స్ టు థర్టీ పర్సెంట్.

రాత్రి భోజనం ముగించి సోఫాలో చేరగిలబడిన గృహస్థు, లేవడానికి బద్ధకించి, టీవీ పక్కనున్న గుండ్రటి పెట్టెనుద్దేశించి పలికిన వాక్యమిది. ఎనిమిది మాటలు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టుపెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి ఒట్టుకు కట్టుబడతాడు. రెండోది కష్టం.

‘అలెక్సా’ అనేది సంబోధన. తెలుగు వ్యాకరణం సంబోధనకు ఓ, ఓయి, ఓరి, ఓసి అని మర్యాదకొకటి చొప్పున ఇచ్చింది. పెట్టెకు వీటితో పనిలేదు. పేరు చాలు, అయితే అది వాక్యం మొదట్లోనే రావాలి. ‘హాల్లో లైట్లు కాస్త తగ్గించవే అలెక్సా’ అని తెలుగు పద్ధతిలో చివర పిలిస్తే పెట్టె మేలుకుంటుంది, కానీ చెప్పవలసింది అప్పటికే అయిపోయి ఉంటుంది. ఎందుకంటే పెట్టె తనంతట తాను గుర్తుపట్టేది పిలుపునొక్కదాన్నే. ఆ తర్వాత విన్నదాన్ని ఇంటర్నెట్టు మీదుగా ఎక్కడో ఉన్న సర్వర్లకు పంపి అర్థం చెప్పించుకుంటుంది. అమెరికాలో 2014లో పుట్టిన అలెక్సా 2017లో మన దేశానికొచ్చి, 2019లో హిందీ నేర్చింది. తెలుగింట్లో మూలం ఇంగ్లీషులో ఉండటానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇక్కడొక శ్లేష. ఆపిల్ వాళ్లు తమ సహాయకురాలిని ‘హే’ లేకుండా ఉత్త ‘సిరి’ అని పిలిచే వీలు 2023లో కల్పించారు. సిరి అంటే మనకు లక్ష్మి, పైగా వీధికో పాప పేరు. ‘సిరీ, లైటు తియ్యవే’ అన్నప్పుడు ఫోనూ పాపా ఇద్దరూ తలెత్తవచ్చు. పాప మాత్రం కుర్చీలోంచి లేవదు.

‘డిమ్’ అన్న క్రియ దగ్గర టీకాకారుడికి చెమట పట్టింది. లాంతరు ఉన్నన్నాళ్లూ ‘వత్తి తగ్గించు’ అనేవాళ్లం. గ్యాస్ పొయ్యిని ‘సిమ్‌లో’ పెడతాం. ఫ్యాను ‘మూడులో’ పెడతాం. గుళ్లో దీపం ఆరితే ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. ఇంత పదసంపద ఉన్న భాషలో కరెంటు దీపాన్ని తగ్గించడానికి సొంత మాట స్థిరపడలేదు. మన ఇళ్లలో లైటుకు రెండే గతులు కాబట్టి: వెయ్యడం, తియ్యడం. తెలంగాణలో రెండోది బంద్ చెయ్యడం. మధ్యస్థితి కావాలంటే అదే దీపాన్ని తగ్గించలేదు, పక్కన ఇంకో దీపం పెట్టారు. అదే జీరో బల్బు. సున్నా అని పేరేగాని, పాత ఫిలమెంటు రకం పది పదిహేను వాట్లు తాగేది. ఇంటింటా వెలిగిన అబద్ధాల్లో ఇంత ముద్దొచ్చేది మరొకటి లేదు.

తగ్గించడమనే పని మనకు ఫ్యాను రెగ్యులేటరు దగ్గరే పరిచయం. పెద్ద డబ్బాలా ఉండే పాత రెగ్యులేటరు తీగచుట్టతో కరెంటును అడ్డుకునేది. అడ్డుకున్నదంతా వేడిగా పోయేది, అందుకే డబ్బా కాలేది, బిల్లు ఆశించినంత తగ్గేది కాదు. ఎల్‌ఈడీ బల్బుది ఇంకో దారి. చాలా బల్బుల్లో దీపం నిజానికి మసకబారదు. సెకనుకు వందలసార్లు, వేలసార్లు పూర్తిగా వెలిగి పూర్తిగా ఆరుతుంది. వెలిగిన క్షణాలు నూటికి ముప్ఫై అయితే కంటికి అది నిలకడైన మసక వెలుగులా తోస్తుంది. మాయావాదులకు ఇంతకన్నా చవకైన ఉదాహరణ దొరకదు. అలాగని స్మార్ట్ బల్బును గోడకున్న పాత డిమ్మర్‌కు తగిలించకూడదు. ఇద్దరు కోడెగాళ్లు ఒకే పని మీద పడ్డట్టు బల్బు మిణుకుతుంది, ఒక్కోసారి గుయ్యిమంటుంది.

ఇక ‘హాల్ లైట్స్’. సూత్రానికి ఇది ఆయువుపట్టు. హాలు యొక్క లైట్లు, షష్ఠీ తత్పురుష. కాని ఆ సమాసంలో ఎవరెవరున్నారు? ఫాల్స్ సీలింగులోని ఆరు దీపాలా, సోఫా పక్క నిలువు దీపమూనా, దేవుడి గూటి దగ్గరి చిన్నదా? యంత్రానికి లోకజ్ఞానం లేదు, ఆప్‌లో ఎవరో ఒకరు గుంపు కట్టి పేరు పెట్టాలి. ఆ ఒకరు సాధారణంగా ఇంజనీరింగ్ చదివే కొడుకు. అతను ‘లివింగ్ రూమ్’ అని రాసి హాస్టలుకు వెళ్లిపోతాడు. తండ్రి ‘హాల్’ అంటాడు, అమ్మమ్మ ‘ముందు గది’ అంటుంది, పెట్టె ఆ పేరుగలది దొరకలేదంటుంది. ఒక బల్బుకు ‘హాల్ లైట్’ అనీ, గుంపుకు ‘హాల్ లైట్స్’ అనీ పెడితే మరీ ప్రమాదం. బహువచనాన్ని మోస్తున్నది చివరి ‘స్’ ఒక్కటే, టీవీ మోతలో అది వినపడదు. ఆరు దీపాలు తగ్గాల్సిన చోట ఒక్కటి తగ్గి ఊరుకుంటుంది.

పెట్టెను కూడా అదే గుంపులో చేరిస్తే చిక్కు సగం తీరుతుంది. అప్పుడు గది పేరెత్తకుండా ఉత్త ‘లైట్స్’ అన్నా, తానున్న గదివని అది అర్థం చేసుకుంటుంది. వ్యాకరణంలో దీన్ని అధ్యాహారం అంటారు.

గుంపుకు ఆజ్ఞ చేరే తీరులోనూ రెండు మతాలున్నాయి. బల్బులు తీగ లేకుండా మాట్లాడుకునే జిగ్బీ పద్ధతిలో గుంపుకంతటికీ ఒకే చిరునామా ఇచ్చి ఒక్క సందేశం పంపవచ్చు, దీపాలన్నీ ఒక్కసారే తలదించుతాయి. అలాకాక ఒక్కో బల్బుకూ విడివిడిగా చెబితే పంక్తిలో నెయ్యి వడ్డించినట్టు ఒకటి తర్వాత ఒకటి తగ్గుతాయి. స్మార్ట్ దీపాల రంగంలో దీన్ని పాప్‌కార్న్ ఎఫెక్ట్ అంటారు. మన భాషలో పేలాలు వేగడం.

‘టు’ చిన్నమాట, పెద్ద పని. ‘ముప్ఫైకి తగ్గించు’, ‘ముప్ఫై తగ్గించు’ ఒకటి కావు. ఎనభై మీద ఉన్న దీపం మొదటిదానికి ముప్ఫైకి దిగుతుంది, రెండోదానికి యాభై దగ్గర ఆగుతుంది. తేడా అంతా ‘కి’ అనే షష్ఠీ ప్రత్యయంలో ఉంది. ఇంగ్లీషులో ‘టు’, ‘బై’ల మధ్య ఉన్నదీ ఇదే.

‘థర్టీ పర్సెంట్’ కూడా పైకి కనిపించినంత సాదా లెక్క కాదు. జిగ్బీ బల్బుకు వెలుగు మెట్లు 254. ముప్ఫై శాతమంటే దాదాపు 76వ మెట్టు. కాని కన్ను వేరే లెక్క కడుతుంది. వెలుగును పరికరంతో కొలిచి పాతిక శాతానికి తగ్గిస్తే కంటికి సగమున్నట్టుంటుందని దీపాల ఇంజనీర్ల సూత్రం. అందుకే గృహస్థు ముప్ఫై అని, తృప్తిలేక ఇరవై అని, చివరికి పదికి దిగుతాడు.

పాఠాంతరాలు: అమ్మ ‘హాలు లైట్లు సిమ్‌లో పెట్టు’ అని చదివింది. భావం నిర్దుష్టం, ఫలం శూన్యం. అమ్మమ్మ పాఠంలో మాటలే లేవు, గోడ స్విచ్ టప్‌మన్న ధ్వని ఒక్కటే. మిక్కిలి ప్రాచీనం, ఎన్నడూ తప్పదు. కాకపోతే ఆ తర్వాత బల్బుకు కరెంటు ఉండదు, పెట్టె ఎంత పిలిచినా అది పలకదు.

ఉత్పాతం: అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే, సెట్టింగు మార్చని స్మార్ట్ బల్బులు చాలావరకు నూటికి నూరుపాళ్లూ వెలుగుతాయి. రెండింటికి ఇల్లంతా పెళ్లిపందిరవుతుంది. ‘అలెక్సా, హాల్ లైట్స్ ఆఫ్’ అని గృహస్థు దుప్పట్లోంచి గొణుగుతాడు. రూటరు ఇంకా లేవలేదు. అమ్మమ్మ లేచింది.

గద్య: ఇది రిమోటు పోగొట్టుకొన్నవాని చేత రచియింపబడిన దీపసూత్ర వ్యాఖ్యయందు సర్వంబును ఏకాశ్వాసము.