నిలబడగలిగిన వాళ్ల ఊరు

మహారాజశ్రీ ఆమ్‌స్టర్‌డామ్ నగర మరుగుదొడ్ల వ్యవహారాల అధికారి గారి సముఖానికి,

తెనాలి వాస్తవ్యురాలు, ప్రస్తుతం తమ నగరం పక్కనే ఆమ్‌స్టెల్‌వేన్‌లో కూతురింట మకాం పెట్టిన ఒక రిటైర్డ్ టీచరమ్మ నమస్కరించి చేసుకునే విన్నపం. తమరి పేరు నాకు తెలియదు. అసలు అలాంటి కుర్చీ ఒకటి ఉందో లేదో మా అమ్మాయి కూడా చెప్పలేకపోయింది. ఉంటే మాత్రం అందులో కూర్చున్నది మగమహారాజేనని పందెం కాస్తాను.

తమ నగరం చూడముచ్చటైనది. నాలుగు వందల ఏళ్ల నాటి కాలవలు, వాటికి 2010లో యునెస్కో వారి గుర్తింపు, భుజం భుజం రాసుకుని నిలబడ్డ సన్నటి ఇళ్లు, ఏ వంతెన చూసినా పూలు. రైక్స్ మ్యూజియంలో రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ ముందు మా అక్క గుళ్లో నిలబడినంతసేపు నిలబడింది. ట్రాములు చెప్పిన నిమిషానికి వస్తాయి. ఇవన్నీ ఒప్పుకుంటున్నాను. మర్యాదలు ఇంతటితో సరి. ఇంకా కావాలంటే నావల్ల కాదు.

మొన్న శనివారం రాత్రి పదిన్నర దాటాక, లైడ్సెప్లైన్ కూడలిలో మా అక్కకి బాత్రూం అవసరం పడింది. అరవై దాటిన మనిషి. బీపీకి వేసుకునే మాత్ర ఒంట్లో నీరు లాగేసే రకం. అంతకుముందు గంటసేపు కాలవలో పడవ షికారు చేశాం. చిన్న పడవ, అందులో బాత్రూం ఉండదు. ఆ మాట టికెట్ మీద రాయరు.

మొదటి హోటల్లో వంట కట్టేశామన్నారు. మేం తినడానికి రాలేదు నాయనా అంటే, తినడానికి రాని వాళ్లకి ఇవ్వమన్నారు. రెండో చోట ముందు కాఫీ కొనమన్నారు. కొన్నాం. డబ్బు పుచ్చుకున్నాక అప్పుడు మెట్లు దిగి కిందికి వెళ్లమని వేలు చూపించాడు. మీ ఊళ్లో మెట్లంటే మెట్లు కావు, నిచ్చెనలు. అక్క పక్కకి తిరిగి, కడ్డీ పట్టుకుని, ఒక్కొక్క కాలే దించుకుంటూ దిగింది. దిగి, తలుపుకి అంటించిన కాగితం చూసి, మళ్లీ అన్ని మెట్లూ ఎక్కి వచ్చింది. పాడైందట! ఆ సంగతి కాఫీకి కార్డు గీకకముందు చెబితే ఏం పోయింది? మూడో చోట గుమ్మం ముందు నిలబడ్డ పహిల్వాను మా నెత్తి మీదుగా వీధిలోకి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. అంతే, మాట కూడా లేదు.

కూడలి దాటి కాలవ గట్టు మీదికి వచ్చాం. అక్కడ ఉంది తమ శాఖ వారి ఘనకార్యం. ఆకుపచ్చ రంగేసిన ఇనప రేకు, జంతిక చుట్టినట్టు చుట్టి నిలబెట్టారు. రేకుకి చిల్లులు, కింద కాళ్లు కనబడేంత ఖాళీ, తలుపు లేదు. ఒక కుర్రాడు పాట పాడుకుంటూ అందులోకి వెళ్లాడు. బయటికొచ్చాడు. పాట ఆగలేదు. డబ్బడగలేదు, కాఫీ కొనమనలేదు, మెట్లు దిగమనలేదు. మా అక్క గట్టు మీది సైకిల్ సీటు పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడింది. ఆవిడ మొహం చూసి ఉంటే తమరికి ఈ ఉత్తరం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి పాత వార్తలు తీసి చదివి వినిపించింది. 2017 నాటి లెక్క ప్రకారం మీ ఊళ్లో మగవాళ్లకి ఇలాంటివి 35 ఉండేవి. ఆడవాళ్లకి 3. ఊరు మొత్తానికి మూడు! సరిగ్గా మేం తిరిగిన ఆ లైడ్సెప్లైన్ దగ్గరే 2015లో మీ ఊరి అమ్మాయి ఒకతె, బార్లు కట్టేశాక ఇక ఆపుకోలేక, సందులో కూర్చుంటే పోలీసులు పట్టుకుని జరిమానా రాశారు. ఆమె కోర్టుకెక్కింది. రెండేళ్ల తర్వాత జడ్జి గారు 90 యూరోలు కట్టమని తీర్పు చెబుతూ, మగవాళ్ల దాంట్లోకి వెళ్లి ఉండవచ్చు కదా, కాస్త ఇబ్బందే గానీ కుదరనిదేం కాదు అన్నారట. కుదురుతుందా? ఆ రేకు చుట్టలో? చీరతో? ఆ జడ్జి గారిని ఒక్క పూట సెలవు పెట్టి రమ్మనండి, ఏం కట్టుకుంటారో కట్టుకోమనండి, కూర్చుని చూపించమనండి. వీధి వీధంతా టికెట్ కొనుక్కుని చూస్తాం. మీ ఊరి ఆడపిల్లలు ఆ పని ఎప్పుడో చేశారు లెండి. ఆ ఇనప గూళ్లలో కూర్చోబోయి పడే పాట్లన్నీ ఫొటోలు తీసి లోకానికి చూపించారు. లోకం నవ్వింది. తమరూ నవ్వే ఉంటారు.

అంతకుముందు సంగతి ఇంకా ఉంది. 1970లో డోలె మినా అనే ఆడవాళ్ల దళం ఇవే రేకు చుట్టలకి గులాబీ రంగు రిబ్బన్లు కట్టేసి, మాకేవి అని అడిగింది. 1970! నేనప్పుడు రెండు జడలు వేసుకుని బడికి వెళ్తున్నాను. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. రిబ్బన్లు కట్టిన వాళ్లలో ఎంతమంది మా అక్కలాగే బీపీ మాత్రలు మింగుతూ, బయటికి వెళ్లే ముందు దారిలో బాత్రూం ఎక్కడుందా అని లెక్కలు వేసుకుంటున్నారో.

తమరికి బుర్ర లేదని నేననను. ఎంత బుర్రో! రాత్రయితే మగవాళ్లు వీధులు తడిపేస్తున్నారని కూడళ్లలో ప్లాస్టిక్‌వి తెచ్చి పెట్టారు, నలుగురు నాలుగు దిక్కులా తిరిగి నిలబడేవి. అదీ చాలక మొక్కల కుండీలు కనిపెట్టారు. పైన పచ్చగా మొక్కలు, పక్కన మగవాడు నిలబడే వీలు, లోపల వాసన రాకుండా నార, చివరికి దాన్నుంచి ఎరువు. కుండీలో కూడా మగవాడికే చోటు! తాగినవాడు కాలవలో పడిపోకుండా వాడికి ఇన్ని ఏర్పాట్లు. 2023లో బ్రిటన్ కుర్రాళ్లని, తాగి తందనాలాడటానికి మా ఊరికి రావద్దు బాబూ అని ప్రకటనలిచ్చి మరీ బతిమాలారు. రావద్దన్న వాడికి అడుగడుగునా సదుపాయం. టికెట్లు కొనుక్కుని, మ్యూజియం లైన్లో బుద్ధిగా నిలబడి, చెత్తకాగితం కూడా సంచీలోనే దాచుకున్న మా అక్కకి తాళం!

యాప్ చూసుకోండి అంటారు. చూశాం. యాప్‌లో చుక్కలున్నాయి. చుక్క దగ్గరికి వెళ్తే ఆరింటికే మూసేసిన దుకాణం. స్టేషన్‌లో ఉంది అంటారు. అక్కడ డబ్బు కట్టాలి, అదీ కార్డుతోనే, నా కార్డంటే ఆ గేటుకి గిట్టదు. చేతిలో నాణెం పట్టుకుని గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్లని చూశాను. అన్ని దేశాల వాళ్లూ ఉన్నారు. ఎవరి మొహంలోనూ తేడా లేదు.

మా దగ్గర ఏదో వెలగబెట్టామని చెప్పడం లేదు. సర్కారు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని. పొద్దున్న నింపుకొచ్చిన నీళ్ల సీసాని సాయంత్రం అలాగే ఇంటికి మోసుకెళ్లే ఆడపిల్లల్ని ఏళ్లతరబడి చూశాను. పదో క్లాసు పరీక్షల్లో మంటతో కుర్చీలో కదిలిపోతూ రాసిన పిల్లలున్నారు. బెజవాడ నుంచి హైదరాబాదు బస్సెక్కాలంటే రాత్రి నుంచే గొంతు తడుపుకుని సరిపెట్టుకోవడం మా అమ్మ నాకు నేర్పింది, నేను నా కూతురికి నేర్పాను. ఆ విద్య మీ దగ్గర పనికిరాదనుకున్నాను. మీ దగ్గర పుట్టి పెరిగిన డచ్చి పిల్లలు కూడా రాత్రి బయటికి వెళ్లేముందు బీరు ఎంత తాగాలో దీన్ని బట్టే లెక్క వేసుకుంటారని మా అమ్మాయి ఆఫీసులో అమ్మాయి చెప్పిందట. అప్పుడు కోపం కూడా రాలేదు నాకు. అలసటొచ్చింది.

భద్రత సంగతి కూడా మాట్లాడుకుందాం. ట్రామెక్కితే జేబుదొంగలు జాగ్రత్త అంటారు, దిగితే జాగ్రత్త అంటారు, స్టేషన్‌లో మైకులో జాగ్రత్త అంటారు. సంతోషం. నా పర్సు గురించి ఇంత దిగులు పడే నగరానికి, ఆ పర్సు పట్టుకున్న మనిషి అర్ధరాత్రి ఏ సందులోకి వెళ్లాల్సి వస్తుందో తోచదా? దీపాలున్న కూడలిలో బాత్రూం లేకపోతే ఆడది దీపాల్లేని చోటు వెతుక్కుంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే వరస. చెట్టు చాటు, గోడ చాటు, ఇద్దరు తోడు, ఒకరు కాపలా. ఆ రాత్రి నేను అక్కకి కాపలాగా ఒక కాలవ వంతెన కింది మెట్ల దాకా వెళ్లాను కూడా. అక్కడ ముగ్గురు కుర్రాళ్లు గంజాయి పొగలో కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు పాపం. తలెత్తి చూశారు, అంతే. మేం వెనక్కి తిరిగాం.

2024 జులై 1 నుంచి వీధిలో ఆడవాళ్లని లైంగికంగా వేధిస్తే నేరమని మీ దేశం చట్టం తెచ్చింది. మంచిదే. 2025 ఆగస్టులో మీ ఊళ్లో సాయంత్రం గడిపి సైకిల్ మీద ఇంటికి పోతున్న పదిహేడేళ్ల పిల్లని ఊరి అంచున చంపేశారు. ఆ తర్వాత, రాత్రి మాకూ కావాలి అంటూ ఆడవాళ్లు దేశమంతా గొంతెత్తారు. ఆ మాట రాసిన బోర్డు కింద మా అమ్మాయి ఒకసారి నిలబడిపోయింది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి సైకిల్ మీద వచ్చే పిల్ల. అయ్యా, ఆ విషయం మీద వెటకారం రాయడం నాకు రాదు. రాత్రి కావాలని అడిగిన వాళ్లకి రాత్రిపూట తెరిచి ఉన్న ఒక గది కావాలి, దీపం ఉన్న గది. అది అందులో భాగం కాదా?

అక్క గతేమైందని తమరు అడగరు గానీ పాఠకులు అడుగుతారు. రెండు వీధులవతల ఒక రొట్టెల కొట్టు మూస్తున్నారు. సురినామ్ వాళ్ల కొట్టు. ఎప్పుడో తాతముత్తాతల కాలంలో బిహార్ వైపు నుంచి కూలికి ఓడెక్కిన వాళ్ల సంతానం. షట్టరు సగం దించిన ఆవిడ మా అక్క నడక చూసింది. ఏం కావాలని అడగలేదు. షట్టరు మళ్లీ పైకెత్తి, పిండి చేతిని కొంగుకి బదులు ఏప్రాన్‌కి తుడుచుకుని, వెనక దారి చూపించింది. పిండి బస్తాల పక్కనుంచి, నూనె డబ్బాల మీదుగా. లోపల శుభ్రంగా ఉంది, గోడకి చిన్న లక్ష్మీదేవి కేలండరు. నేను యూరో తీసి ఇవ్వబోతే కోప్పడింది. తమ శాఖ చేయాల్సిన పని ఆ రాత్రి చేసింది ఆవిడే. జీతం ఇస్తారేమో కనుక్కోండి.

పనిలో పని, మిగతావి కూడా రాసేస్తాను. కాలిబాట ఎక్కడ అయిపోయి సైకిల్ బాట ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడం మా వల్ల కాదు. మీ వాళ్లు గంట కొట్టి తిట్టేస్తారు, ఏమని తిట్టారో తెలియదు కనుక క్షమించాం. ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆరు వారాల ముందే అయిపోతాయి. మా అక్క తిరుగు ప్రయాణం అంతకన్నా ముందే. హోటల్ గదికి నూటికి 12.5 చొప్పున పర్యాటక పన్ను 2024 నుంచి వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు వీధుల్లో ఎక్కడ కనబడుతుందో చూపిస్తే దణ్ణం పెట్టి వెళ్తాం.

డబ్బు లేదని తమరు అనలేరు. 2024లో మీ నగరమే ఆడవాళ్లూ చక్రాల కుర్చీ వాళ్లూ వాడుకోగలిగిన మరుగుదొడ్ల కోసం 40 లక్షల యూరోలు కేటాయించింది. పేపర్లో వచ్చింది, మా అమ్మాయి చదివింది. ఆ డబ్బుతో ఎక్కడైనా ఒక తలుపు తయారై ఉంటే, ఆ శనివారం మాకు మాత్రం ఎదురుపడలేదు.

ఏప్రిల్‌లో ట్యులిప్ పూల తోటలు చూడాలని మా వదిన బాపట్ల నుంచి బయల్దేరుతోంది. ఆవిడకి షుగరు. నీళ్లు తాగకుండా ఉండమని చెప్పడానికి వీల్లేదు, డాక్టరు తాగమన్నాడు. పూలు చూశాక రాత్రి కాలవలు కూడా చూపించమంటోంది, కాదనలేకపోతున్నాం. ఆలోగా ఆ కూడలిలో ఒక్కటి చాలు. తలుపు, లోపల గడియ, వెలిగే దీపం ఉండాలి. మెట్లు వద్దు. చిల్లర నాణెం తీసుకోవాలి. రాత్రి పదకొండు తర్వాత కూడా తెరిచి ఉండాలి. కట్టించడానికి టైము పడుతుందంటే, ఉన్నవాటి తాళాలైనా తీయించండి. దయచేసి.

ఇట్లు
తెనాలి టీచరమ్మ