సిరిసిల్ల తువ్వాల గుట్టలెక్కిన కథ

నేను నూలు తువ్వాలను. పుట్టింది సిరిసిల్లలో. ఈ మాట కాస్త గొప్పగానే చెప్పుకుంటాను, ఎందుకంటే మా ఊరి సాంచాల మీద దిగేది ఎక్కువగా పాలిస్టరే. నేను పుట్టిన నాడు పక్క కార్ఖానాలో బతుకమ్మ చీరలు నడుస్తున్నాయి. 2017లో మొదలైన ఆ సర్కారు ఆర్డర్ల పుణ్యమా అని అప్పట్లో సాంచాలు రాత్రీ పగలూ మోగాయి. నన్ను నేసినాయన వరుస సాంచాల నడుమ తిరుగుతూనే ఉండేవాడు. ఇక్కడ పోగు తెగితే ముడి వెయ్యాలి, అక్కడ కండె అయిపోతే మార్చాలి. ఒక్క షిఫ్టులో ఆయన నడక లెక్కేస్తే ఒక గుట్ట ఎక్కి దిగినంత ఉంటుంది. నడక నాకు పుట్టుకతోనే వచ్చిందంటే నమ్మండి.

జగిత్యాలలో టవర్ దగ్గరి దుకాణంలో ఒక తాత నన్నూ నా జోడునూ బేరమాడి కొన్నాడు. జోడు పూజగదికి పోయింది. నాకు తాత భుజం దక్కింది. ఇల్లు కోరుట్లలో. కొడుకు దుబాయిలో ఉంటాడు. కోడలు ఇంటి పట్టున బీడీలు చేస్తుంది. పెద్దపిల్ల ఏడో తరగతి, చిన్నోడికి నాలుగేళ్లు. సెలవు దొరికితే ఈ నలుగురూ గుట్టకు పోతారు. దాన్ని ట్రెక్కింగ్ అనీ హైకింగ్ అనీ వాళ్లెప్పుడూ అనరు. పొద్దుగాల లేచి, సద్ది కట్టుకుని, కరీంనగర్ బస్సెక్కుతారు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు, చిన్నోడికి ఇంకా పడదు. తాతకొక్కడికే టికెట్ కొడతారు. "ఇంటిల్లిపాదికీ నేనొక్కణ్నే షావుకారును" అని కండక్టరుతో నవ్వుతాడు.

మొదట నన్ను తీసుకుపోయింది కొండగట్టుకు. ముత్యంపేట దగ్గర దిగితే పైకి ఘాట్ రోడ్డు ఉంది, మెట్ల దారీ ఉంది. 2018 సెప్టెంబర్ 11న ఆ ఘాట్ రోడ్డులోనే బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. అప్పటి నుంచి కోడలు ఆ గుట్ట మీదికి బండెక్కదు, మెట్లే. మంచిదే అయింది. మెట్ల మీద నా పని నాకు తెలిసింది. తాత నన్ను నీళ్లలో ముంచి, పిండి, మెడ చుట్టూ వేసుకుంటాడు. నూలు నీటిని పట్టి ఉంచి మెల్లగా ఆరుతుంది, ఆరేటప్పుడు మెడలోని వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ పని పాలిస్టరుకు చేతకాదు. చెమట పడితే ఒంటికి అతుక్కుని కూర్చుంటుందంతే. చుట్టాన్ని తిట్టగూడదు గానీ ఉన్న మాట అది.

కొండగట్టు కథ దారి తప్పిన పశువుతో మొదలవుతుంది. సింగం సంజీవుడనే పశువుల కాపరి తప్పిపోయిన ఆవును వెతుకుతూ అలిసి నిద్రపోతే, కోరంద పొదలో ఉన్నానని ఆంజనేయుడు కలలో చెప్పాడట. పైకి పోయేదాకా చిన్నోడికి ఈ కథే బలం. కాళ్లు నొప్పులన్న ప్రతిసారీ తాత "ఆవు ఆ మలుపు కాడ ఉన్నట్టుంది, చూద్దాం దా" అంటాడు. పైన కోతులుంటాయి. సద్ది మూటగా నేనే ఉన్నానని వాటికి ముందే తెలుసు. ఒకసారి ఒకటి నా కొంగు పట్టి లాగితే మూల చిరిగింది. సర్వపిండి దానికి పోయింది, చిరుగు నాకు మిగిలింది.

ఎండాకాలం సంగతి మాత్రం నా మాట వినండి. చైత్ర పౌర్ణమి నాటి చిన్న హనుమాన్ జయంతికి కోరుట్ల, జగిత్యాల నుంచి కాషాయం కట్టిన దీక్షాపరులు కాలినడకన వస్తారు. వాళ్లది మొక్కు. చిన్నపిల్లలతో మనం ఆ ఎండలో బండలెక్కడం మాత్రం మూర్ఖత్వం. పది దాటితే రాయి అరికాలు కాలుస్తుంది. గుట్టకు వేళ అంటే వానలు వెనకబట్టాక, బతుకమ్మకు ముందు రోజులు. అప్పుడు కంచెల్లో తంగేడు పచ్చగా, గునుగు తెల్లగా గులాబీగా పూసి ఉంటుంది. పూలకని బయలుదేరిన ఇల్లంతా ఎంత నడిచిందో ఎవరికీ గుర్తుండదు.

అట్లాంటి ఒక సెలవు నాడే బొమ్మలమ్మ గుట్టకు పోయాం. గంగాధర మండలం కురిక్యాల దగ్గర ఉంది. పెద్ద ఎత్తేమీ కాదు. నాలుగేళ్ల కాళ్లూ డెబ్బై ఏళ్ల మోకాళ్లూ కలిసి ఎక్కగలిగేదే. ముందు నడిచేది చిన్నోడు, వాడి వెనక మిగతావాళ్లు. వాడు ఆగినచోట అందరూ ఆగాలి. పెద్దపిల్లకు మొదట్లో విసుగే. కానీ వాడు ఆగినచోటల్లా ఏదో ఒకటి దొరుకుతుంది. ఒకచోట సీతాఫలం పొద, కళ్లు విచ్చిన కాయ. ఇంకోచోట తునికి చెట్టు. కోడలు చెయ్యి దానంతటదే ఆకు మీదికి పోయింది. బొటనవేలితో వెడల్పు చూసి, "ఇది బీడీకి రాదు, ముదిరింది" అని వదిలేసింది. సెలవు నాడు కూడా ఆ వేళ్లకు సెలవు లేదు.

పైన బండ మీద చెక్కిన బొమ్మలున్నాయి. జైన తీర్థంకరులు, వాళ్లతో చక్రేశ్వరి. ఊళ్లో వాళ్లకు ఆమే బొమ్మలమ్మ. కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం. క్రీ.శ. 945 ప్రాంతంలో చెక్కించింది జినవల్లభుడు. వేములవాడ చాళుక్య రాజు అరికేసరి కొలువులో ఉన్న కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. తెలుగు భాగంలో ఉన్నవి మూడు కంద పద్యాలు. పెద్దపిల్ల బడిలో కందం చదివింది గనుక వేలితో ఆ గీతల మీద రాయబోయింది. తాత చెయ్యి పట్టుకుని ఆపి, "వెయ్యేండ్లు నిలిచింది బిడ్డా, నీ వేలితోని అరగొట్టకు" అన్నాడు. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ జినవల్లభుడు బసది, అంటే జైన గుడి, కట్టించి ఊరుకోలేదు. కవితాగుణార్ణవమని చెరువు తవ్వించాడు, మదనవిలాసమని తోట వేయించాడు. గుట్ట దగ్గరికి వచ్చేవాళ్లకు నీళ్లూ నీడా కావాలని తెలిసిన మనిషి. ఈ రోజుల్లో ఆ రెండూ మనమే మోసుకుపోవాలి. నీడ కోసం నన్ను నాలుగు కొమ్మలకు కట్టారు. నా కింద కూర్చుని సద్ది తిన్నారు.

అక్కడే పిల్లల మేనమామ నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆయన ఇంగ్లండులో ప్లిమత్ దగ్గర ఉంటాడు. తన పిల్లలతో డార్ట్‌మూర్‌లో నడుస్తున్నాడు. 1951లో నేషనల్ పార్కు అయిన చోటు, 954 చదరపు కిలోమీటర్లు. చెట్లు తక్కువ, మోకాలెత్తు పొదలు, ఊదారంగు పూలు, వదిలేసిన గుర్రాలు, నడుమ నడుమ పేర్చినట్టున్న రాళ్ల గుట్టలు. "అచ్చం మన కరీంనగర్ గుట్టలే కదా మామా!" అంది పెద్దపిల్ల. తప్పేం లేదు, అదీ గ్రానైటే. కాకపోతే దానికి 28 కోట్ల ఏళ్లు, మనదానికి 250 కోట్లు. మేనమామ నిలబడ్డ గుట్ట పేరు హేటార్. ఒకప్పుడు అక్కడా రాయి తీశారు, 1831లో తెరిచిన లండన్ వంతెనకు ఆ రాయి పోయింది. ఇప్పుడక్కడ రాయి తీయరు. పాత క్వారీ గుంతలో నీళ్లు నిండితే జనం చూడ్డానికి పోతారు.

మా వైపు కథ ఇంకా అక్కడిదాకా రాలేదు. దిగేటప్పుడు దూరంగా ఒక గుట్ట కనబడింది. ఒక పక్క ఎప్పటి గుట్టే, ఇంకో పక్క రంపంతో కోసిన గోడ. కరీంనగర్ గ్రానైటు దిమ్మెలు రైలెక్కి కాకినాడ రేవు మీదుగా చైనాకు పోయాయి. చిన్నోడు "ఆ గుట్టను ఎవరు తిన్నరు తాతా?" అన్నాడు. "కొందరికి దాంతోనే బువ్వ బిడ్డా" అన్నాడు తాత. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నాకైతే సిరిసిల్ల గుర్తొచ్చింది. పని ఆగినా కష్టమే, ఆగకుండా సాగినా ఏదో ఒకటి అరిగిపోతుంది. బొమ్మలమ్మ గుట్ట మీద శాసనం ఉంది గనుక దాని గురించి మాట్లాడేవాళ్లున్నారు. శాసనం లేని గుట్టల తరఫున ఎవరున్నారు?

కింద కంచెలో గునుగు కోశారు. మోపు నాలోనే కట్టారు. ఇంటికి రాగానే కోడలు గునుగు కట్టలను రంగు నీళ్లలో ముంచి, కొన్ని గులాబీ, కొన్ని ఊదా, ఆరడానికి నా మీదే పరిచింది. తెల్లారి చూస్తే నా ఒళ్లంతా మరకలే. సబ్బు పెట్టింది, సోడా పెట్టింది, ఎండలో వేసింది. పోలేదు. తాత భుజం మీద వేసుకోబోతే లాక్కుని, "ఈ రంగుల తువ్వాలేసుకుని పెండ్లిళ్లకు పోతవా మామా? ఇంట్ల వాడద్దు. గుట్టలకు పోయినప్పుడే తియ్యుర్రి" అని సద్ది గిన్నెల పక్కన మడత పెట్టేసింది. వచ్చే ఆదివారం నాంపల్లి గుట్టకట.