దేవుడు వరమిచ్చినా రౌటరివ్వదు

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడితో ఫుట్‌బాల్ మ్యాచ్. 88వ నిమిషం, 2-1తో నాదే పైచేయి. వాడి మీద గెలవబోవడం నా జన్మలో అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే నా గోల్‌కీపర్ కొయ్యబారిపోయాడు. హెడ్‌ఫోన్‌లో "మామయ్యా, నువ్వు నిల..." అన్న మాట సగంలోనే తెగింది. రౌటరు కేసి చూద్దును కదా, ఎర్ర లైటు!

ఆ లైటు పక్కన ఎల్, ఓ, ఎస్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. సిగ్నల్ పోయిందని అర్థం. మా కేబుల్ కుర్రాడు వాటిని కలిపి 'లాస్' అంటాడు. ఎవరికి లాసో అడక్కండి. గెలిచే ఆ మ్యాచ్ నా ఖాతాలో ఓటమిగా పడింది.

కన్సోల్ డబ్బా కొని, ఆట డిస్కు కొంటే ఖర్చు తీరిపోతుందనుకున్న అమాయకుణ్ణి నేను. ఒంటరిగా ఆడుకుంటే సరే, ఆన్‌లైన్‌లో సాటి మనిషితో ఆడాలంటే చందా కట్టాలి. సోనీ వారి ప్లేస్టేషన్ 3 ఏలిన రోజుల్లో ఆ ఆట ఊరికే ఉండేది. 2013లో ప్లేస్టేషన్ 4తో పాటు 'ప్లస్' అనే చందా తప్పనిసరైంది. మైక్రోసాఫ్ట్ 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్ పెట్టిన నాటి నుంచే వసూలు మొదలుపెట్టింది. నింటెండో 2018లో ఆ బాటే పట్టింది. తమాషా ఏమిటంటే, ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు ఈ చందా అక్కర్లేదు. వేలు పోసి ఆట కొన్నవాడే మళ్లీ కట్టాలి. చదివింపులు చదివించినవాడికి భోజనం టికెట్టు, పిలవని పేరంటానికి వచ్చినవాడికి మొదటి పంక్తిలో విస్తరి!

సరే, దేవుడికి ముడుపు కట్టాం. ఇక పూజారి సంగతి.

మా నెట్ కంపెనీ కరపత్రంలో '100 ఎంబీపీఎస్ వరకు' అని ఉంటుంది. బరువంతా ఆ 'వరకు' మీదే. నిజానికి ఆడటానికి అంత వేగం అక్కర్లేదు. కావలసింది పింగ్ తక్కువగా ఉండటం, అంటే మనం మీట నొక్కిన కబురు అవతలికి వెళ్లి చప్పున తిరిగి రావడం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. డాలస్ 14 వేల కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ కనీసం 140 మిల్లీసెకన్లు పడుతుంది. అది ప్రకృతి వేసిన పన్ను, కడతాను. సముద్రాలు దాటొచ్చిన ఆ కాంతి మా వీధి మొదట్లో మూడో స్తంభం దగ్గర చతికిలబడితేనే కడుపు మండుతుంది.

కస్టమర్ కేర్ అమ్మాయి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంది. చేశాను. మళ్లీ చేయమంది. చేశాను. "మీ ప్లాన్‌లో ఇరవై రెండు ఓటీటీలు ఉచితం సార్, వాడుతున్నారా?" అంది.

మూడో రోజు కేబుల్ కుర్రాడు వచ్చి, తలెత్తి స్తంభాన్ని భక్తిగా చూశాడు.

"కోతి తెంపింది సార్."

"అతకడానికి ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"మరి కానీ."

"నిచ్చెన రావాలి సార్. పక్క కాలనీలో ఉంది."

నిచ్చెన కోసం చూస్తుంటే ఓ పాత సంగతి గుర్తొచ్చింది. 2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ దాదాపు ఒక రోజంతా పడకేసింది. అందుకు సోనీ ప్లస్ చందాదారులకు అయిదు రోజుల గడువు పెంచింది. ఆ లెక్కన మా నెట్‌వాడు నాకు బాకీ పడ్డ రోజులు గుణించుకుని కాసేపు మురిసిపోయాను. ఇంతలో ఫోన్ మోగింది. వచ్చే నెల బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కలిపి మెసేజ్. మా ఇంటికి సిగ్నల్ లేదు కానీ, బిల్లుకు ఉంది.

ఇవాళ అయిదో రోజు. ఆట చందా గడువు మాత్రం ఏ కోతీ తెంపకుండా నిరాటంకంగా కరిగిపోతోంది. పాఠక మహాశయుల్లో ఎవరి దగ్గరైనా పన్నెండడుగుల నిచ్చెన ఉంటే, దయచేసి ఆదివారం రాత్రి పదకొండులోగా పంపగలరు. మేనల్లుడు రీమ్యాచ్ అడుగుతున్నాడు.