చౌరస్తాకు సింగారం

‘జంక్షన్ సుందరీకరణ’ అన్న మాట వినబడితే చాలు, కరీంనగర్, ఆదిలాబాద్ రోడ్ల పక్క మర్రిచెట్లకు మూడినట్టే. చౌరస్తా అందంగా కనబడాలంటే ముందు నీడ పోవాలట! ఆ తర్వాత నడుమ గద్దె, చుట్టూ గ్రిల్లు, లోపల గడ్డి, ఆ గడ్డికి ట్యాంకరు నీళ్లు. 2017లో కరీంనగర్ స్మార్ట్ సిటీ జాబితాకెక్కింది కదా, మండలాలకూ అదే ముచ్చట.

1932లో నిజాం సర్కారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఇంత తెలివి లేదు. ఆ తర్వాత కూడా చాలా ఏండ్లు పల్లెకు స్టేజీ అంటే చెట్టే. ఇప్పుడు షెల్టరు కట్టారు కదా అంటారు. కట్టారు, కాదనను. నిధులిచ్చిన నాయకుడి పేరు కప్పు కన్నా వెడల్పు. బస్సు మాత్రం ఇంకెక్కడో ఆగుతుంది.

గుడిహత్నూర్ సంగతే చూడండి. నాగపూర్ దిక్కు పోయే పెద్దరోడ్డు నుంచి ఇంద్రవెల్లి, ఉట్నూరు దారి చీలేది అక్కడే. ఆ పెద్దరోడ్డు 7వ నంబరు పోయి 44 అయింది (అన్నిటికన్నా చవకైన అభివృద్ధి ఇదే). ఇంద్రవెల్లి దారిన పోతే కేస్లాపూర్. అక్కడి నాగోబా జాతరకు మెస్రం వంశీయులు గోదావరి హస్తినమడుగు నుంచి గంగాజలం ఇప్పటికీ కాలినడకనే తెస్తారు. రోడ్ల నక్షాలు గీసేవాళ్లకు ఈ నడిచే మనుషులు కాగితం మీద కనబడరు.

కొలతలు రాక కాదు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు హైవేకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు వద్దన్నప్పుడు టేపులు పట్టుకొని ఎంత పరుగెత్తారు! చిన్న ఊళ్లకు దాన్ని 220కి తగ్గించేదాకా నిద్రపోలేదు. అదే టేపుతో బస్సు ఆగే చోటికీ నీడకూ నడుమ దూరం కొలిచినవాడు లేడు.

రోడ్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని కూడా ఆ కోర్టే 2013 జనవరి 18న చెప్పింది. మనవాళ్లు విధేయులు, అనుమతి అడగడమే మానేశారు. తెల్లారేసరికి గద్దె మీద ఒక మహానుభావుడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. పక్కన సంచి పట్టుకొని ఒక అవ్వ. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆమెకు టికెట్టు పైసలతో పనిలేదు, బస్సు ఆగితే చాలు. ఆమె కూడా చెయ్యెత్తింది. ఎక్స్‌ప్రెస్ ఇద్దరికీ ఆగలేదు.