లేతు కొనేవారి ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

అవతారిక: గోదావరి జిల్లాల్లో చేతిపని సరదా పట్టిన గృహస్థు మొదటిసారి బుల్లి లేత్ మిషన్ కొనబోతూ పఠించవలసిన పద్యం ఇది. కవి తన పేరు చెప్పుకోలేదు. మోటారు కమురు వాసన వచ్చాక ఎవరూ చెప్పుకోరు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అలాంటి నియమమేమీ లేదు.

ఆ. బరువు లేని లేతు పరుగిడు బల్లపై
చక్కు వణకెనేని జాబు వణకు
కొన్న వెలకు సమము కోతకత్తులకె పో
యింటివారి నడిగి యెంచుకొనుము

ప్రతిపదార్థం: బరువు లేని = తగినంత పోతఇనుము లేని; లేతు = తరిమెన యంత్రము; బల్లపై = చెక్కబల్ల మీద; పరుగిడు = ఎవరూ తోయకనే నడచును; చక్కు = మూడు దవడలతో కరచి పట్టునది; వణకెనేని = అదిరినచో; జాబు = అందులో తిరుగుతున్న ముక్క (ఉద్యోగమూ కాదు, ఉత్తరమూ కాదు); వణకు = తానును అదురును; కొన్న వెలకు సమము = మిషనుకు పోసినంత సొమ్ము; కోతకత్తులకె = టూల్సుకే; పో = నిశ్చయముగా, ‘పోవును’ అని చెప్పుకున్నా అనుభవవిరుద్ధం కాదు; ఇంటివారిని = (వివాదగ్రస్తం, కింద చూడుడు); అడిగి, ఎంచుకొనుము = స్పష్టం.

తాత్పర్యం: బరువైనది కొను, చక్కు పట్టి చూడు, సగం డబ్బు దాచుకో, అనుమతి తీసుకో.

విశేషాలు: ‘బరువు’ అని మొదలుపెట్టడంలోనే కవి ప్రౌఢి ఉంది. ‘ఏడు-పన్నెండు’, ‘ఏడు-పద్నాలుగు’ అని అమ్మే చైనా మిషన్లలో మొదటి అంకె బెడ్డు మీద తిరగగల ముక్క వ్యాసం, రెండోది రెండు సెంటర్ల మధ్య దూరం, రెండూ అంగుళాల్లో. కొనేవాడు ఈ రెండు అంకెలే చూస్తాడు. మిషను మొత్తం బరువు సుమారు 40 కిలోలని మూడో పేజీలో ఉంటుంది. కత్తి ఉక్కును తాకగానే ఆ తోపుకు ఎదురు నిలవవలసింది బెడ్డులోని పోతఇనుము. అది చాలకపోతే కత్తి ఎగిరెగిరి పడుతుంది, మిషను కీచుమంటుంది, ముక్క మీద చారలు పడతాయి. అందుకే ఇలాంటి మిషను మీద ఉక్కును పలచపలచగా, ఓపిగ్గా తీయాలి.

పూర్వపక్షి లేచాడు: “భీమవరం చెరువుల్లో తిరిగే ఏరేటర్లకు షాఫ్టులు, రైస్ మిల్లులకు బుష్‌లు తిప్పే షాపుల్లో ముసలి రాజ్‌కోట్ మిషనో, బటాలా మిషనో బేరానికి దొరికితే అది మేలు కదా?” మేలే. కింద సిమెంటు నేల, 415 వోల్టుల త్రీఫేజు ఉన్నవాడికి వ్యాఖ్యాత ఓటు కూడా దానికే. బెడ్డు అరిగిందో లేదో చూసుకుంటే చాలు. అయితే మేడ మీది గదిలో, ఫ్యాను తిరిగే కరెంటుతో నడవాలంటే బుల్లి మిషనే గతి. దాన్లో ప్లాస్టిక్ పళ్లచక్రాలుంటాయని ఈసడించేవారున్నారు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ముందు ఆ చక్రమే విరిగి మిగతావాటిని కాస్తుంది. ఒకటి అదనంగా కొని డబ్బాలో పడెయ్యాలి.

‘చక్కు వణకెనేని’: కొనేముందు కరెంటు తీసేసి చక్కును రెండు చేతులా పట్టి పైకీ కిందికీ ఊపి చూడాలి. కదిలితే బేరింగుల సంగతి తేలాలి. మూడు దవడల చక్కు ఎంతోకొంత పక్కకు తిప్పడం సహజమే. దానికి మందు కూడా పాతదే. ముక్కను బిగించాక విప్పకుండా అన్ని కొలతలూ ఒకే పట్టులో తీసేస్తే అవన్నీ ఒకే కేంద్రం మీద నిలుస్తాయి. విప్పి తిరగేసి పట్టామా, తేడా అప్పుడు బయటపడుతుంది.

‘జాబు’: ఏం తిప్పుతారు? ఈ ప్రశ్న లేకుండా మిషను కొనడం మన దేశాచారం. రాజమండ్రివాడికి మాత్రం జవాబు ఊళ్లోనే ఉంది. కోసూరి వెంకటరత్నం స్వదేశీ కలం చేయాలని పూని 1932లో ఇక్కడే రత్నం పెన్నులు మొదలుపెట్టారు. కలం అందిందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. కలానికి వాడే ఎబొనైటు గంధకం కలిపి ఉడికించి గట్టిపరచిన రబ్బరు. పదునైన హైస్పీడు స్టీలు కత్తి ఆనిస్తే నల్లటి రిబ్బను చుట్టలు చుట్టలుగా చేతి మీద పడుతుంది, గదంతా గంధకం వాసన. 40 కిలోల మిషనుకు ఈ పని అచ్చంగా సరిపోతుంది. ఉక్కుతో కుస్తీ తర్వాత పట్టవచ్చు.

‘కోతకత్తులు’ ఇక్కడ ఉపలక్షణం. సానరాయి, వెర్నియరు, డయలు, డ్రిల్ చక్కు, తిరిగే సెంటరు, తుప్పు పట్టకుండా మన తేమగాలికి పూసే నూనె, అన్నీ ఇందులోకే వస్తాయి. చక్కు తాళాన్ని చక్కులోనే వదిలి స్విచ్ వేయరాదని, భుజాన కండువాతో వంగరాదని పద్యంలో లేదు. ఛందస్సులో చోటు చాలక వదిలారు గానీ, ముందుగా నేర్వవలసింది అదే.

‘ఇంటివారు’: అద్దెపక్షం వారు ఇంటి ఓనరని అర్థం చెబుతారు, శ్లాబు, చప్పుడు వారికి ప్రమాణాలు. గృహిణీపక్షం వారు భార్య అంటారు. కొత్త మిషను మీద మొదటి జాబుగా అప్పడాల కర్ర తిప్పి ఇస్తే అనుమతి సులభమని వారి ఉపదేశం. పొడవు ముఖ్యం కాదని ఇంతసేపూ వాదించిన వ్యాఖ్యాతకు ఇక్కడే చిక్కొచ్చింది. మా ఇంటి కర్ర పదమూడంగుళాలు. అందుచేత ఏడు-పద్నాలుగు కొనడమే శాస్త్రసమ్మతం.