బాత్‌టబ్ బాబాయ్

కుషాయిగూడ, బాలానగర్, రామచంద్రాపురం వైపు ప్రభుత్వరంగ ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన ఏ కాలనీకి వెళ్లినా ఈయన ఒక్కడైనా తగులుతాడు. క్వాలిటీ విభాగంలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. జేబులో పర్మనెంట్ మార్కరు, చంకలో పొడుగు రిజిస్టరు. ఇంట్లో ఉన్నవి బకెట్టూ చెంబూ, నోట్లో మాత్రం ఎప్పుడూ బాత్‌టబ్బే. కాలనీ పిల్లలు ఆ పేరే ఖాయం చేశారు.

ఆ బాత్‌టబ్ నిజానికి ఒక గ్రాఫు. ఏ సరుకైనా కొత్తలో తయారీ లోపాల వల్ల ఎక్కువగా పోతుంది కాబట్టి గీత ఎత్తున మొదలై కిందికి దిగుతుంది. ఆ తర్వాత చాలాకాలం అడపాదడపా పోతుంటాయి, గీత నేలబారుగా సాగుతుంది. చివర్లో అరుగుదల మొదలై మళ్లీ పైకి లేస్తుంది. కొత్తలో పోయేవేవో గడప దాటకముందే పోవాలని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో సరుకును వేడి గదిలో పెట్టి గంటల తరబడి నడుపుతారు. దాన్ని బర్న్-ఇన్ అంటారు. ఫ్యాక్టరీలో అయితే సరే. బాబాయ్ జనవరి నెలలో సీలింగ్ ఫ్యాను కొని, రెండు రోజులు ఐదో నంబరు మీద ఆపకుండా తిప్పాడు. ఇంటిల్లిపాదీ రగ్గులు కప్పుకుని కూర్చుంటే, “షాపువాడు మార్చిచ్చే గడువులోపే పోతే పోవాలి” అన్నాడు. ఫ్యాను పోలేదు. పిన్నిగారికి జలుబు చేసింది.

ఆయనింట్లో తేదీ లేని వస్తువు ఉండదు. బల్బు హోల్డరు మీద, గీజరు అడుగున, ఇన్వర్టర్ బ్యాటరీ నెత్తిన, అన్నిటి మీదా మార్కరుతో పుట్టిన రోజు రాసి ఉంటుంది. చీపురు దాకా వచ్చేసరికి పిన్నిగారు అడ్డుపడ్డారు.

“ఈ ఫ్యాను ఎన్నాళ్లొస్తుంది బాబాయ్?” అని అడిగితే సూటిగా జవాబు రాదు. “ఈ ఒక్కదాని సంగతి దేవుడికే తెలియాలి. ఇలాంటివి వెయ్యి ఉంటే నేను చెప్తాను” అంటాడు. ఒక కుర్రాడు హార్డ్ డిస్కు కొని, వివరాల్లో సగటున పది లక్షల గంటలకు ఒక వైఫల్యం అని చూసి, అంటే 114 ఏళ్లు వస్తుందన్నమాట అని మురిసిపోయాడు. బాబాయ్ వాణ్ణి కూర్చోబెట్టాడు. ఆ అంకెకు అర్థం, వెయ్యి డిస్కుల్ని ఏడాదంతా నడిపితే తొమ్మిది దాకా పోవచ్చని. ఒక్క డిస్కు నూట పద్నాలుగేళ్లు బతుకుతుందని కాదు. ఆ తొమ్మిదిలో తనదీ ఒకటేమోనని కుర్రాడు ఆ రాత్రే ఫొటోలన్నీ ఇంకోచోటికి కాపీ చేసుకున్నాడు.

టిఫిను హోటలు గురించి మాత్రం ఆయన్ని అడక్కూడదు. “అక్కడ దోసె బాగుంటుందా?” అంటే, వరసగా 22 సార్లు తిని ఒక్కసారి కూడా చెడకపోతేనే, నూటికి తొంభై సార్లు బాగుంటుందని 90 శాతం ధీమాతో చెప్పొచ్చట. లెక్క తప్పేమీ కాదు. పరికరాలను పరీక్షించేటప్పుడు ఇంజినీర్లు వాడే లెక్కే అది. నూటికి 99 అని చెప్పాలంటే 230 దోసెలు తినాలి. అడిగినవాడు ఈలోగా ఎదురు హోటల్లో ఇడ్లీ తినేసి ఉంటాడు.

హాల్లో గోడమీద ఒక దొరగారి ఫొటో ఉంటుంది. కొత్త చుట్టాలు పెద్దాయనెవరో అనుకుని దణ్ణం పెట్టేస్తారు. ఆయన స్వీడన్ దేశపు వాలొడ్డి వైబుల్. ఏ వస్తువు ఎప్పుడు పోతుందో లెక్కగట్టడానికి ప్రపంచమంతా వాడే సూత్రం ఆయన పేరుమీదే ఉంది. అందులో బీటా అనే అంకె ఒకటి కంటే తక్కువైతే శైశవ మరణాలు, ఒకటైతే అదృష్టం, ఒకటి దాటితే ముసలితనం. ఆయన 1951లో రాసిన వ్యాసంలో ఉదాహరణలుగా తీసుకున్నవి ఇవి: బోఫోర్స్ ఉక్కు బలం, బూడిద రేణువుల సైజు, బ్రిటిష్ మగవాళ్ల ఎత్తు, బీన్స్ గింజల వెడల్పు, భారతదేశపు పత్తి పోగు బలం. ఉక్కునూ బీన్స్‌నూ ఒకే సూత్రంతో కొలిచిన మనిషి మిక్సీని కాదంటాడా అని బాబాయ్ వాదన.

మిక్సీ గొడవ మొదలైంది సొసైటీ మీటింగులో. మూడో అంతస్తు ఆవిడ మండిపడుతున్నారు. “రెండేళ్ల వారంటీ అన్నయ్యగారూ, సరిగ్గా రెండేళ్ల మూడు రోజులకి పోయింది. కావాలనే అలా చేస్తారు వీళ్లు!” బాబాయ్ కొట్టిపారేయలేదు. అలా కావాలని చేసిన చరిత్ర ఉందన్నాడు. 1924లో బల్బుల కంపెనీలు జెనీవాలో కూడి ఫీబస్ అనే కూటమి కట్టాయి. బల్బు ఆయుష్షు 1,000 గంటలకు కుదించాలని ఒప్పందం, దాటితే జరిమానా. “కానీ మీ మిక్సీ విషయంలో నేరం రుజువు కావాలంటే మిగతా మిక్సీలు సాక్ష్యం చెప్పాలమ్మా” అని రిజిస్టరు తెరిచాడు.

మర్నాటి నుంచి ఇంటింటికీ తిరగడం. మన ఇళ్లలో తేదీలు క్యాలెండరులో ఉండవు, శుభకార్యాల్లో ఉంటాయి. “ఎప్పుడు కొన్నారమ్మా?” అంటే “పెద్దదాని పెళ్లికి.” “ఎప్పుడు పోయింది?” అంటే “సీమంతానికి కొబ్బరి పచ్చడి దీంట్లోనే రుబ్బాం, బారసాల నాటికి లేదు.” ఇంకొకరైతే విసుక్కుంటారు గానీ బాబాయ్ మొహం వెలిగిపోయింది. మరణం ఆ రెంటి మధ్య ఎప్పుడో జరిగిందని తెలిస్తే చాలు, దానికీ లెక్క ఉంది. పక్కింటివాళ్లు మంచి మిక్సీనే ఎక్స్ఛేంజి మేళాలో ఇచ్చేశారు. ఇచ్చిన రోజుదాకా బతికే ఉందని రాసుకున్నాడు. కింద ఫ్లాటులో అత్తగారి కాలం నాటిది ఇంకా తిరుగుతోంది. జారులు మూడుసార్లు మార్చారు, కార్బన్ బ్రష్షులు మార్చారు, మోటారు రెండుసార్లు చుట్టించారు. అది ఒక మిక్సీయా, నాలుగా? ఆ గుమ్మంలోనే నిలబడి గంటసేపు ఆలోచించాడు. ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు.

“మాది బాగానే ఉంది బాబాయ్‌గారూ, మాతో ఏం పని?” అని తలుపు వేయబోయినవాళ్లే ఆయనకు ఎక్కువ కావాలి. పది మిక్సీలున్నాయనుకుందాం. మూడు రెండేళ్లకే పోయాయి, ఏడు అయిదేళ్లుగా నడుస్తున్నాయి. పోయినవాటినే లెక్కేస్తే మిక్సీ ఆయుష్షు రెండేళ్లని తేలుతుంది, మూడో అంతస్తు ఆవిడ గెలుస్తారు. బాబాయ్ మొత్తం తిరిగిన కాలాన్ని కూడతాడు. ఆరూ ముప్ఫయ్యైదూ కలిపి 41 ఏళ్లు, పోయినవి మూడు. అంటే సగటున ఒక్కో చావుకు 13 ఏళ్ల 8 నెలలు. అదీ పాడయ్యే వేగం ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకుంటేనే, అరుగుదల మొదలైతే ఈ లెక్క చెల్లదని మళ్లీ తనే హెచ్చరిస్తాడు. ఈ హెచ్చరిక దగ్గరే జనం లేచిపోతారు.

చివరిదాకా విన్న ఒకే ఒక్కడు ఎల్ఐసీ ఏజెంటు. పాలసీ అమ్మడానికొచ్చి మూడు గంటలు ఇరుక్కుపోయాడు. ఎడ్మండ్ హాలీ 1693లోనే బ్రెస్లా నగరపు చావుపుట్టుకల లెక్కలతో ఆయుర్దాయ పట్టిక కట్టాడనీ, బీమావాళ్లూ తనూ ఒకే గూటివాళ్లమనీ బాబాయ్ చెప్పుకొచ్చాడు. తర్వాత, “ల్యాప్స్ అయిన పాలసీదారు బతికున్నాడో లేదో తెలియనప్పుడు వాణ్ణి ఎట్లా లెక్కేస్తారు?” అని అడిగాడు. ఏజెంటు మళ్లీ కనబడలేదు. ఆయన్ని ఎట్లా లెక్కేయాలో బాబాయ్‌కీ తెలీదు.

దెబ్బ ఇంట్లోవాడి చేతిలోనే తగిలింది. అల్లుడు శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు. భోజనాల దగ్గర, యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్ అనే ఇద్దరు 1978లో ఇచ్చిన నివేదిక గురించి చెప్పాడు. విమానం భాగాల్లో బాత్‌టబ్ గీతను అనుసరించినవి నూటికి నాలుగే. అరవై ఎనిమిది కొత్తలో గండం గడిస్తే ఆ తర్వాత వయసుతో పని లేకుండా నడిచినవి. పిన్నిగారు అల్లుడి విస్తట్లో ఇంకో గరిటె నెయ్యి వేశారు.

“నాకు తెలీదా ఏం? బేరింగు అరుగుతుంది, బ్యాటరీ ముసలిదవుతుంది, వాటికి గీత లేవాల్సిందే” అని బాబాయ్ గొణిగాడు గానీ, ఆ నివేదికను వదల్లేదు. వయసుతో అరగనిదాన్ని గడువు పెట్టి విప్పితే లాభం లేదనీ, విప్పి బిగించడంలోనే కొత్త లోపాలు పుడతాయనీ అర్థం చెప్పి ఏసీ సర్వీసింగు ఆపేయించాడు. మే నెల రెండో వారంలో పిన్నిగారు స్టూలెక్కి ఫిల్టరు బయటికి లాగారు. దుప్పటంత దుమ్ము రాలింది. “దుమ్ముకు ఇంగ్లీషు రాదండీ, మీ నివేదిక చదవలేదు” అన్నారు. ఆ తేదీ కూడా రిజిస్టరులో ఉంది.

మూడో అంతస్తు ఆవిడ కొత్త మిక్సీ కొనేశారు, తీర్పు మాత్రం ఇంకా రాలేదు. పోయినవాళ్లంతా వివరంగా చెబుతున్నారు, నడుస్తున్నవాళ్లే దొరకడం లేదు. కాబట్టి రిజిస్టరు పట్టుకుని ఆయన మీ గుమ్మంలోకి వస్తే తలుపు వేయకండి. మీ మిక్సీ తిరుగుతోందని చెప్పండి, బిల్లు దొరికితే చూపించండి. మజ్జిగ మీ ఇష్టం.